పుట్టగొడుగుల గదికి గాలి కోసం నగరం వెళ్లొచ్చాం

తెనాలిలో మా వంటింటి పక్క గదిలో ముత్యపు చిప్ప పుట్టగొడుగులు పెంచడం మొదలుపెట్టి ఐదు నెలలైంది. మొదటి పంట బ్రహ్మాండంగా వచ్చింది. రెండోసారి కాడలు వేలెడు పొడవు, తలలు చొక్కా బొత్తాలంత. తేమ పోకూడదని కిటికీలన్నీ ప్లాస్టిక్ పట్టాతో బిగించాను కూడా. రేపల్లె దగ్గర నగరం అనే ఊళ్లో సుగుణమ్మగారని ఒక రిటైర్డ్ టీచరు తాటాకు షెడ్డులో బాగా పండిస్తున్నారని విని, ఫోన్ చేసి బయల్దేరాను. పుట్టగొడుగులు పెరిగే గడ్డి సంచులకు రోజూ నీళ్లు చల్లేది మా ఆవిడ శారదే కాబట్టి తనూ వస్తానంది.

పొద్దున్నే రేపల్లె రైలెక్కాం. గంటకు పైగా పట్టింది. స్టేషన్ బయట నగరానికి ఆటో నూటయాభైకి కుదిరింది. "పుట్టగొడుగుల టీచరమ్మగారింటికేనా బాబాయ్? మా ఆవిడకి చదువు చెప్పింది ఆవిడేనండి," అన్నాడు డ్రైవరు.

మేం వెళ్లేసరికి సుగుణమ్మగారు పంట కోస్తున్నారు. నేను ఫోన్ తీసి మా పంట ఫొటోలు చూపించబోతుంటే, శారద దగ్గింది. సుగుణమ్మగారు ఫొటోలు చూడకుండా తన వైపు తిరిగారు.

"ఎన్నాళ్ల నుంచమ్మా ఈ దగ్గు?"

"రెండు నెలలండి. ఆ గదిలోకెళ్తే ఎక్కువవుతుంది. చెప్తే ఈయన పంట మానేస్తారని చెప్పలేదు."

రోజూ వింటున్న దగ్గే. జలుబనుకున్నాను.

సుగుణమ్మగారు దోమల కాయిల్ ముక్క వెలిగించి షెడ్డులో కింది కిటికీ దగ్గర పెట్టారు. పొగ మెల్లగా లోపలికి సాగి, ఎదురు గోడ పైనున్న వెంటిలేటర్లోంచి బయటికి పోయింది.

"మీ గదిలో అయితే ఎటు పోతుంది తమ్ముడూ?"

"ఎటూ పోదండి."

"పుట్టగొడుగులూ మనలాగే గాలి పీల్చి వదుల్తాయి. ఆ గాలి బయటికి పోకపోతే కాడ సాగుతుంది, తల విచ్చుకోదు. ఇక ముదిరిన తలల నుంచి కంటికి కనపడని పొడి రాలుతుంది. అందుకే అంచులు పైకి లేవకముందే కోసెయ్యాలి. నీ గది తలుపు వంటింట్లోకి తెరుచుకుంటుందని ఫోన్లో అన్నావుగా, ఆ పొడంతా పీలుస్తోంది ఈ అమ్మాయే. ఇక తను ఆ గదిలోకి వెళ్లకూడదు. రేపే డాక్టరుకి చూపించు."

తర్వాత అరుగు మీద కూర్చోబెట్టి, పుట్టగొడుగుల వేపుడుతో అన్నం పెట్టారు. శారద మారు అడిగి వేయించుకుంది.

డాక్టరూ ఆ పొడి వల్లేనన్నాడు. గది ఖాళీ చేసి కడిగించాం. పెరటి చివర చిన్న తాటాకు షెడ్డు వేసి, కింద జాలీ కిటికీలు, పైన వెంటిలేటర్లు పెట్టాను. మాస్కు కట్టుకుని నీళ్లు చల్లే పని ఇప్పుడు నాది. నెల తిరిగేసరికి శారద దగ్గు తగ్గింది.

పంట ఎందుకు చెడిందో తెలుసుకుందామని నలభై ఫొటోలు పట్టుకుని వెళ్లినవాణ్ణి. పక్కనే ఉన్న మనిషికి ఊపిరాడట్లేదని ఇంకో ఊరి టీచరమ్మ చెప్తేగానీ తెలియలేదు. ఇలాంటి షెడ్డు చూడ్డానికి వెళ్లేవాళ్లకి ఒకే మాట చెప్తాను: మీ ఇంట్లో ఆ గదిలో ఎక్కువసేపు గడిపేది ఎవరో, వాళ్లని వెంటబెట్టుకుని వెళ్లండి.