తండ్రి ఉండగా గుండు

కరోనా తగ్గి, జనం మాస్కులు గడ్డం కిందికి దింపుకుని తిరుగుతున్న ఏడాది సంగతి ఇది. భిలాయిలో రుఆబాంధా మార్కెట్లో నాది రెండు కుర్చీల సెలూన్. రెండో కుర్చీ దగ్గర పనిచేసే మా బావమరిది లాక్‌డౌన్‌లో బొబ్బిలి వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. నా పేరు సింహాచలం. ఇక్కడి హిందీవాళ్ళకి ఆ పేరు నోరు తిరగదు కాబట్టి సిమ్మా భయ్యా అంటారు. చేతిలో కత్తి ఉన్నవాడికి ధైర్యం ఎక్కువని లోకం అనుకుంటుంది. నా విషయంలో అది పచ్చి అబద్ధం. ముప్పై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నా, కొత్త తల మీద చెయ్యి వేసే ముందు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

జీరో మెషిన్ కొట్టడం వేరు, గుండు గియ్యడం వేరు. జీరో మెషిన్ అంటే కరెంటు కత్తెర. ఎంత నొక్కి తిప్పినా గరుకుగా ఒక పొర మిగిలిపోతుంది. గుండుకి ఉస్తరా కావాలి. సగానికి విరిచిన కొత్త బ్లేడు బిగించి వాడే మడత కత్తి అది. ఎవరైనా వచ్చి గుండు అన్నారంటే మేము మొదట అడిగేది ‘ఇంట్లో ఎవరు?’ అని. తిరుపతి మొక్కంటే కబుర్లు చెబుతూ మొదలుపెడతాను. ఎవరో పోయారంటే నోరు మూసుకుని మొదలుపెడతాను. శివనాథ్ నది ఒడ్డున పదో రోజు కర్మకి మన తెలుగువాళ్ళు పిలిచేది ఎక్కువగా నన్నే. తండ్రి బతికుండగా కొడుకు గుండు చేయించుకోవడం మావాళ్ళలో మహా అశుభం. దేవుడి మొక్కు ఒక్కటే దానికి మినహాయింపు.

సుధీర్‌కి చిన్నప్పటి నుంచీ జుట్టు కత్తిరించేది నేనే. అతని తండ్రి అప్పారావు గారు రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. రిటైరై ఎన్నేళ్ళయినా అందరికీ ఆయన గార్డు గారే. సుధీర్ స్టీలు ప్లాంటులో, రైలు పట్టాలు తయారుచేసే మిల్లులో ఇంజనీరు. తల్లీ, తండ్రీ, కొడుకూ ముగ్గురూ సుధీర్ క్వార్టరులోనే ఉండేవారు.

ఒక ఆదివారం కటింగ్ చేస్తుంటే అతని తల వెనక రూపాయి బిళ్ళంత మేర నున్నగా కనిపించింది. పేనుకొరుకుడు. కటింగ్ అయ్యాక బ్యాక్ మిర్రర్ చూపించడం మా పద్ధతి. వెనక చిన్న అద్దం పట్టుకుంటే ముందున్న పెద్ద అద్దంలో తన తల వెనకభాగం మనిషికి కనిపిస్తుంది. ఆ రోజు నేను ఆ అద్దాన్ని కొంచెం వాల్చి పట్టుకున్నాను. మర్నాడు అతనికి ప్రమోషన్ ఇంటర్వ్యూ ఉంది. హుషారుగా ఉన్నాడు. పాపం, ఇప్పుడెందుకు చెప్పడం, ఈసారి వచ్చినప్పుడు చెబుదాం అనుకున్నాను.

ఈసారి వచ్చేనాటికి అతనికే తెలిసిపోయింది. క్యాంటీన్లో హెల్మెట్ తీస్తే వెనకనున్నవాడు చెప్పాడట. అప్పటికి మచ్చలు మూడయ్యాయి.

“భయ్యా, మీకు ముందే మాలూమ్ కదా?” అన్నాడు కుర్చీలో కూర్చోకుండానే.

“తెలుసు.”

“మరి చెప్పలేదేం? నా తల వెనక నాకు కనిపించదు. మీకు కనిపిస్తుంది.”

చర్మం డాక్టరు దాన్ని అలోపేసియా అన్నాడట. ఒంట్లోని రక్షణ శక్తే పొరపాటున వెంట్రుకల కుదుళ్ళ మీద పడుతుందట. ముందే వస్తే ఆగేదా అని అడిగితే, చెప్పలేం అన్నాడట. ఆ ‘చెప్పలేం’ నన్ను నిద్రపోనివ్వలేదు. నా దువ్వెన వల్ల అంటుకుందేమో డాక్టర్ని అడగమని సుధీర్‌ని బతిమాలాను. అంటుకునే జబ్బు కాదన్నాడట. అయినా నేను దువ్వెనలన్నీ పారేసి కొత్తవి కొన్నాను.

తలలోకి సూదులు వేయించుకున్నాడు. వాళ్ళమ్మ వరహాలమ్మ గారు గురివింద గింజలు అరగదీసి పట్టించారు. ఉల్లిరసం పూశారు. ఒకచోట మొలిస్తే రెండుచోట్ల ఊడింది. చలికాలం వచ్చేసరికి ఎడమ కనుబొమ సగం పోయింది. మధ్యాహ్నం రెండు గంటలకి, షాపులో ఎవరూ లేని వేళ చూసి వచ్చేవాడు. నేను షట్టరు సగం దించి, మిగిలిన జుట్టుని మచ్చల మీదికి సర్దేవాణ్ణి. మచ్చలు కప్పడానికి నల్లపొడి చల్లేవాణ్ణి. మిల్లు వేడికి ఆ పొడి చెమటతో కలిసి మెడ మీదికి కారేదట. అన్నం తినేటప్పుడు కూడా హెల్మెట్ తియ్యడం మానేశాడు. ఒకరోజు ఎవడో సరదాకి లాగేశాడు. సుధీర్ ఆ సంగతి మామూలుగానే చెప్పాడు గానీ, చెబుతున్నంతసేపూ అద్దంలోకి చూడలేదు.

ఆ రోజే అన్నాడు, “పూరా తీసెయ్యి భయ్యా. క్లీన్.”

అలవాటు కొద్దీ నా నోటి నుంచి వచ్చేసింది, “ఇంట్లో ఎవరు?”

“ఎవరూ పోలేదు. నాకే విసుగొచ్చింది. రోజూ లేచి తలగడ మీద వెంట్రుకలు లెక్కపెట్టలేను.”

నా చెయ్యి ఉస్తరా మీదికి పోలేదు. అంతకు రెండు నెలల ముందే గార్డు గారికి రాయపూర్‌లో గుండెకి స్టెంట్ వేశారు. తిరుపతి వెళ్ళి తలనీలాలు ఇచ్చిరా బాబూ, ఎవరూ ఏమీ అనరు అన్నాను.

“ఇచ్చి వచ్చాననుకో. నాలుగు రోజులకి మళ్ళీ మచ్చలు మచ్చలుగా మొలుస్తుంది. నాలుగు రోజులకోసారి తిరుపతి వెళ్ళాలా?” అన్నాడు. తర్వాత నెమ్మదిగా, “మీరు కూడా నమ్ముతారా భయ్యా ఇదంతా?” అని అడిగాడు.

“నమ్మకం కాదు బాబూ, భయం. నా చేత్తో గీస్తే, రేపు నాన్నగారికి ఏమైనా అయితే?”

అతను లేచి టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు వరహాలమ్మ గారు వచ్చారు. మగవాళ్ళ సెలూన్‌లోకి ఆడవాళ్ళు రారు. ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడి, “సింహాచలం, ఇంట్లో వాడు ఇదే పాట పాడుతున్నాడు. నీ చేత్తో ఆ పని సెయ్యకు నాయనా. ఆయనకసలే గుండె బాగోనేదు. నాకు మాటియ్యి,” అన్నారు. చెయ్యి చాపారు. నేను మాట ఇచ్చేశాను. నిజం చెప్పాలంటే నాకు హాయిగా అనిపించింది. ఇక సుధీర్ వచ్చి అడిగినా, అమ్మకి మాటిచ్చానని తప్పించుకోవచ్చు.

సుధీర్ రాలేదు. సెలవు పెట్టి గదిలోనే ఉంటున్నాడని విన్నాను. మూడు వారాలు గడిచాయి. షట్టరు దగ్గర అడుగుల చప్పుడైతే చాలు, అతనేనేమోనని ఉలిక్కిపడేవాణ్ణి. కాదని తెలిశాక దిగులుపడేవాణ్ణి.

ఒక పొద్దున్న వాళ్ళ పక్క క్వార్టరాయన ఫోన్ చేశాడు. “సింహాచలం, గార్డు గారు పోయినట్టున్నారు. నిన్న ఆసుపత్రిలో చేర్చారు. ఇప్పుడే ఆసుపత్రి గేటు దగ్గర దూరం నుంచి కొడుకుని చూశాను, గుండుతో ఉన్నాడు. పలకరించే ధైర్యం లేక వచ్చేశాను. నీకు కబురొస్తుంది, ఎక్కడికీ వెళ్ళకు.”

ఇటువైపు వాళ్ళలో తలకొరివి పెట్టినవాడికి దహనం నాడే గుండు చేస్తారు, వాళ్ళని చూసి మనవాళ్ళూ కొందరు అలాగే చేస్తున్నారు. కాబట్టి ఆయన అనుకున్నది వింతేమీ కాదు. నేను కూడా నమ్మేశాను. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా, ఆ క్షణంలో నాకు మొదట వచ్చిన ఆలోచన, ‘నేను గియ్యలేదు. నా చెయ్యి కాదు’ అని.

కుర్చీలో సగం గడ్డం గీసిన మనిషిని అలాగే వదిలేసి ఆసుపత్రికి పరిగెత్తాను. వార్డులో గార్డు గారు మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటున్నారు.

“ఏటి సింహాచలం, ఏటి అలాగైపోనావు?” అన్నారు.

నా నోరు నా మాట వినలేదు. “మీరు పోయారన్నారు బాబూ.”

“పోయాననా? ఎవులన్నారు?”

చెప్పాను. పక్కనున్న వరహాలమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మూలన స్టూలు మీద సుధీర్ కూర్చుని ఉన్నాడు. తల ఒకవైపు నున్నగా, రెండోవైపు కుచ్చులు కుచ్చులుగా ఉంది. చెవి పైన గాటు పడి రక్తం గడ్డకట్టింది. ముందురోజు బాత్రూంలో గడ్డం రేజరుతో తనే మొదలుపెట్టాడట. రేజరు జుట్టుతో నిండిపోయి తెగలేదు. తలుపు సందులోంచి చూసి తల్లి కేకపెట్టింది. ఆ కేకకి ఏమైందోనని ఒక్క ఉదుటున లేచిన గార్డు గారికి గుండెల్లో పట్టేసింది. డాక్టర్లు పరీక్షలన్నీ చేసి, కొత్తగా ఏమీ లేదు, రెండు రోజులు ఉంచి పంపిస్తామన్నారు.

గార్డు గారు ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టారు. “అంటే వాడి నెత్తి చూసి నేను సచ్చిపోయాననుకున్నారు.” ఒకసారి సుధీర్ వైపు చూసి, మళ్ళీ నా వైపు తిరిగారు. “వాడు గదిలోంచి బయటికి రావడం నేదు, డ్యూటీకి ఎల్లడం నేదు. ఏటిరా అంటే ఒంట్లో బాగోనేదు అంటాడు. గుండు గీయించుకోవాలనుకున్నాడని నాకు నిన్న సాయంత్రం తెలిసింది. నాకేటైపోతాదో అని మీ అందరికీ భయమే. నన్నడిగినోడు ఒక్కడైనా ఉన్నాడా?”

వారం తర్వాత, బుధవారం పొద్దున్న నా షాపు ముందు ఆటో ఆగింది. కొడుకు భుజం పట్టుకుని గార్డు గారు దిగారు. నేను గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాను. “అమ్మగారికి మాటిచ్చాను బాబూ.”

“ఆవిడ ఆటోలోనే ఉంది. లోపలికి రానంది. వద్దని కూడా అననేదు. అంతకన్నా ఆవిడ్ని ఏటీ అడక్కు,” అంటూ ఖాళీగా ఉన్న రెండో కుర్చీలో కూర్చున్నారు. “నేను పోయిన్నాడు వీడు ఎలాగూ గుండు గీయించుకుంటాడు. అది నేను సూడను కదా. ఇప్పుడైతే సూస్తాను. కానియ్.”

సుధీర్ టోపీ తీసి కళ్ళు మూసుకున్నాడు. నేను గోరువెచ్చని నీళ్ళతో తల బాగా తడిపాను. నురగ పట్టించాను. మచ్చల మీద బ్లేడుకి పని లేదు. భయం మాత్రం అక్కడే. వెంట్రుక లేని చోట చర్మం పలచగా ఉండి, చెయ్యి ఏమాత్రం జారినా తెగుతుంది. మధ్యలో ఒకసారి ఆగి, తువ్వాలుతో వేళ్ళు తుడుచుకున్నాను. నేను సుధీర్ తల కంటే అద్దంలో గార్డు గారి ముఖమే ఎక్కువ చూస్తున్నాను. ఆయన ఊపిరి పీల్చిందీ, వదిలిందీ నాకు లెక్కే. సగం అయ్యేసరికి ఆయన కళ్ళు మూతలుపడ్డాయి.

“గార్డు గారూ,” అన్నాను.

“నీ ఫ్యాను గాలి బాగుంది. నీ పని నువ్వు సూసుకో.”

మానుతున్న గాటు చుట్టూ నెమ్మదిగా తిప్పి, ఆఖరి గీత గీసి చల్లటి తువ్వాలు కప్పాను. సుధీర్ కళ్ళు తెరిచి అద్దంలోకి చాలాసేపు చూశాడు. “ఇంతేనా భయ్యా?” అన్నాడు. “దీనికోసమేనా నేను ఇన్నాళ్ళూ...” అని ఏడ్చేశాడు. గార్డు గారు కుర్చీలోంచి లేచి ఆ గుండు మీద అరచెయ్యి పెట్టి, అలాగే ఉంచారు.

టోపీ జేబులో పెట్టుకుని సుధీర్ బయటికి నడిచాడు. ఎదురుగా పాన్ డబ్బా అతను చూసి, గబగబా చేతులు జోడించి, “బాబూజీ కబ్ గయే, భయ్యా?” అన్నాడు. నాన్నగారు ఎప్పుడు పోయారని. వెనక నుంచి గార్డు గారే జవాబిచ్చారు, “మై ఇధర్ హూఁ భాయీ, కహీఁ నహీఁ గయా.” నేనిక్కడే ఉన్నాను, ఎక్కడికీ పోలేదని. పాపం ఆ మనిషి చేతులు జోడించినవి జోడించినట్టే ఉండిపోయాయి.

ఆటోలో వరహాలమ్మ గారు కొడుకుని పైనుంచి కిందికి చూశారు. ఆవిడ ఏమంటారోనని నేను ఆటోకి రెండడుగుల దూరంలోనే ఆగిపోయాను. ఆవిడ సుధీర్ తల వంచి, కొంగుతో చెవి వెనక తుడిచారు. నా వైపు తిరిగి, “సబ్బు ఇలాగే ఒగ్గీసినావు. సరిగ్గా తుడవొద్దేటి సింహాచలం,” అన్నారు.

ఆ మర్నాడే సుధీర్ డ్యూటీకి వెళ్ళాడు. ఇప్పటికీ బుధవారం, శనివారం గుండు గీయించుకోవడానికి వస్తాడు. జుట్టు తిరిగి రాలేదు. వస్తుందా అని ఈమధ్య అడగడం కూడా మానేశాడు. గార్డు గారు రోజూ సాయంత్రం మార్కెట్‌కి నడిచి వచ్చి, నా షాపులో పేపరు చదివి, ఫ్యాను ఎక్కువ పెట్టమని పోట్లాడి వెళ్తారు.

ఆ గుండు నాకు నేర్పిన సంగతి ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది. ఆ మూడు వారాలూ నేను గార్డు గారి గుండె గురించి భయపడుతున్నానని అనుకున్నాను. కాదు, నా పేరు పోతుందని భయపడ్డాను. సుధీర్ ఆ గదిలో ఒక్కడే కూర్చున్నప్పుడు, నేనొకసారి వెళ్ళి తలుపు తట్టి, ఎలా ఉన్నావు బాబూ అని అడిగి ఉండొచ్చు. గుండు గియ్యకపోయినా అడిగి ఉండొచ్చు. నా షాపు నుంచి వాళ్ళ క్వార్టరు ఐదు నిమిషాల నడక.