వేలంపాటకొచ్చిన గండికోట

ఫోన్లో చూసి నేర్చుకుంటే లోకంలో రాని విద్యంటూ లేదని గట్టిగా నమ్మిన రోజులు నాకూ ఉండేవి. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం రాలేదు, పెళ్ళి మాట ఇంకా ఎవరూ ఎత్తలేదు. ఈ మూడింటి నడుమ ఆడపిల్లకు దొరికే ఖాళీ ఉందే, అది జన్మలో మళ్ళీ దొరకదు. కొందరు ఆ ఖాళీలో నిద్రపోతారు, కొందరు పోటీ పరీక్షల పుస్తకాలు కొనుక్కొని వాటి మీద తలపెట్టి నిద్రపోతారు. నేను సూది పట్టుకున్నాను. గుండ్రటి చెక్క రింగులో గుడ్డ బిగించి, దాంట్లో కొండలూ చెట్లూ ఆకాశం కుట్టడం. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్ల మీద నవ్వొస్తుంది, కొంచెం జాలేస్తుంది, నిజం చెప్పాలంటే కొంచెం అసూయ కూడా. ఏమీ తెలియకపోవడం వల్ల వచ్చిన ధైర్యమే అనుకోండి, అయినా ధైర్యం ధైర్యమే గదా.

మా ఇల్లు కర్నూలు పక్కన కల్లూరులో. నాయన షేర్ ఆటో నడిపేవాడు. అమ్మ ఇల్లు నడిపేది (రెంటిలో ఏది కష్టమని ఇద్దరూ అప్పుడప్పుడు వాదించుకునేవాళ్ళు). నా గురువు ఫోన్లో ఒకామె. ఆమె ఏ దేశమో తెలియదు, ముఖం ఎప్పుడూ చూపలేదు, నోరు విప్పి ఒక్క మాట చెప్పలేదు. రెండు తెల్లటి చేతులు, వెనక ఏదో పియానో, అంతే. ఆ చేతులు ఏం కుడితే నేనూ అది కుట్టేదాన్ని. మంచు కొండలు, సరస్సులు, ఊదారంగు పూల తోటలు. బయట ఎండకు తారు రోడ్డు మెత్తబడుతుంటే నేను లోపల ఫ్యాను కింద కూర్చొని మంచు కురిపించేదాన్ని. ఒకరోజు అమ్మ బియ్యం చాటతో వచ్చి నిలబడి, నేను గోడకు తగిలించిన మంచుకొండను కళ్ళు చిట్లించి చూసింది.

"ఏమే, ఇది యాడుండాది?"

"తెలీదమ్మా."

"తెలీని ఊరు మన గోడ మీదెందుకే? ఎవురన్నా వచ్చి ఇది యాడిదమ్మా అంటే నేనేం చెప్పాల?"

ఆ మాటకు నాకు రోషం వచ్చింది. అప్పటికి కొన్నాళ్ళ ముందే కడపలో మా మామ ఇంటికి పోయినప్పుడు, మామ పిల్లలతో కలిసి గండికోట చూసి వచ్చాను. (అమ్మది కడప. మేనమామ ఇప్పటికీ అక్కడే ఉంటాడు.) ఆ కొండ అంచున నిలబడి కిందికి చూస్తే, నిలువునా చీలిన ఎర్రబండల మధ్య పెన్న. నా కాళ్ళు వణికాయి, ఫోటో కూడా వణికింది. ఆ వణికిన ఫోటో పెట్టుకొనే గండికోట కుడతానని ఇంట్లో ప్రకటించేశాను. నాయన ఆటో తుడుచుకుంటూ, "కోట నిలబడాల్నంటే పునాది గట్టిగా ఉండాల మ్మీ" అని మాత్రం అన్నాడు.

కుట్టడానికి కూర్చుంటే తెలిసింది, నా డబ్బాలో ఉన్నదంతా పచ్చ, నీలం, ఊదా అని. మా సీమను కుట్టడానికి పనికొచ్చే దారం ఒక్క పోగు లేదు. కర్నూలు పాతూర్లో దారాలమ్మే భాయ్ దగ్గరికి పోయి రాయి రంగు దారం కావాలన్నాను.

"ఏం రాయి బేటీ? కెంపా, పచ్చా?"

"బండరాయి భాయ్."

ఆయన కళ్ళద్దాలు తీసి నన్నొకసారి, మళ్ళీ పెట్టుకొని ఇంకొకసారి చూశాడు. "ఇన్నేండ్లుగా అంగడి పెట్టుకోనుండా. రవికె మీద నెమళ్ళు కుట్టించుకునేవాళ్ళను చూసినా, ఏనుగుల్ని కుట్టించుకునేవాళ్ళను చూసినా. బండలెవురు కుట్టించుకుంటారమ్మా?" అని, పాపం ఊరికే పంపడం ఇష్టంలేక ఒక తుప్పు రంగు దారపు లచ్చి వెతికి ఇచ్చాడు.

మిగిలిన రంగుల కోసం ఇల్లంతా వెతికాను. అమ్మ కాఫీపొడి రంగు పావడా అంచు, బియ్యం గోనె సంచి పోగులు, వెలిసిపోయిన పాత దుప్పటి. అంతవరకూ మా పక్క నేలంతా ఒకటే మట్టిరంగు అనుకునేదాన్ని. బస్సులో పోతూ కిటికీలోంచి చూసి, ఈడ చూసేదానికి ఏముందని ముఖం తిప్పుకున్నదాన్నే. సూదిలో దారం ఎక్కించుకొని కూర్చున్నాక గదా, ఒక్క బండకే ఇన్ని రంగులు కావాలని అర్థమైంది. ఎండ తగిలేచోట ఒకటి, నీడలో ఒకటి, వాన కారి చారలు పడినచోట మరొకటి. కుడుతూ కుడుతూ మధ్యలో లేచి వాకిట్లోకి పోయి నేలకేసి ఊరికే చూస్తూ నిలబడేదాన్ని. పిల్లకు గాలేమైనా సోకిందేమోనని ఎదురింటామె అమ్మను అడిగిందట కూడా.

ఇంకా ఒక రంగు దొరకలేదు. కొండ అంచు మీద ఎండ పడేచోటుకు అటు పసుపూ కాని, ఇటు గోధుమా కాని రంగు. అది దండెం మీద ఆరుతూ కనిపించింది. నాయన ఖాకీ చొక్కా! లోపలివైపు చంక దగ్గర కుట్టుకు అవతల మిగిలిన గుడ్డలోంచి పోగులు లాగితే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. నిజంగానే రెండు రోజులు ఎవరికీ తెలియలేదు. మూడోనాడు నాయన స్టాండులో ఆటో దిగి, "కలెక్టరాఫీసూ, కలెక్టరాఫీసూ" అని చెయ్యెత్తి పిలిచేసరికి చొక్కా చెయ్యి భుజం దగ్గర ఊడి మోచేతి కిందికి జారిందట. ఎక్కబోయిన ఆడవాళ్ళు నవ్వాపుకోలేక వెనకాటో ఎక్కి పోయారట. నాయన ఊడిన చొక్కా చెయ్యి మడిచి పట్టుకొని ఇంటికొచ్చాడు. కోప్పడతాడని వంటింట్లో దాక్కున్నాను. ఆయన నేరుగా రింగు దగ్గరికి పోయి కూర్చున్నాడు.

"ఇట్రా మ్మీ. నా చొక్కా యాడుండాదో చూపిచ్చు."

వేలు పెట్టి చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు. "ఎండ బాగా పడింది" అన్నాడు.

ఆయన అట్లా అనడమే అమ్మకు నచ్చలేదు. ఆమె ఎప్పటినుంచో నన్ను నంద్యాలకు బ్యాంకు కోచింగుకు పంపాలని పట్టుబడుతోంది. హాస్టలు కూడా మాట్లాడి పెట్టింది. "ఈ పొద్దు చొక్కా, రేపు నా పెండ్లి చీర. ఇట్లా ఇల్లంతా పీకి రింగులో పెట్టుకుంటే బతుకు జరుగుతాదా?" అని మొదలుపెట్టింది. నేనూ తగ్గలేదు. మాటకు మాట పెరిగి, చివరికి అమ్మ ఒక షరతు పెట్టింది. "కోత పండగ వస్తాండాది గదా. నీ గండికోటను కానుకల్లో పెట్టు. మనింటోళ్ళు కాకుండా, బయటోళ్ళు ఎవురన్నా వేలంపాట పాడి దాన్ని వాళ్ళింటికి తీస్కపోతే నీ సూది నీది, నేను ఇంగ నోరెత్తను. లేదంటే సోమవారం నంద్యాల బస్సు." నేను సరేనన్నాను. నాయన సాక్షి.

మా గుడిలో (చర్చిని మేం గుడనే అంటాం) కోత పండగంటే పంటలో మొదటి భాగం దేవునికిచ్చే పండగ. గుమ్మడికాయలు, కందులు, జొన్న కంకులు, అరటి గెలలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, అన్నీ బలిపీఠం ముందు కుప్పపోస్తారు. ఆరాధన కాగానే చెట్టు కింద మేజాబల్ల వేసి వేలంపాట. ఆ పాటలో ఒక పద్ధతి ఉంది. పాడుకున్నవాళ్ళు వస్తువు ఇంటికి తీసుకుపోకుండా, "మళ్ళా దేవునికే" అని తిరిగి మేజా మీద పెట్టేస్తారు. దాన్ని మళ్ళీ పాడతారు. ఎన్నిసార్లు తిరిగొస్తే ఆ కానుకకు అంత గౌరవం. అంతకుముందు సంవత్సరం ఒకే గుమ్మడికాయ సాయంత్రం దాకా ఊరందరిదీ అయ్యి, చివరికి పాస్టరయ్యగారింట్లో పులుసైంది. పుట్టినప్పటినుంచీ చూస్తున్న ఈ సంగతి షరతు పెట్టేటప్పుడు అమ్మకు గానీ, ఒప్పుకునేటప్పుడు నాకు గానీ తట్టనేలేదు!

పాట పాడించేది మైకు మామ. గుడి పెద్ద, మైకు లేకపోయినా మూడు వీధులకు వినపడే గొంతు. కోళ్ళూ కందులూ అయ్యాక రింగును పైకెత్తి, "ఇదో, ఇది... ఏందమ్మా ఇది?" అన్నాడు.

"గండికోట మామా. తలకిందులు పట్టుకున్నావు."

జనం నవ్వారు. ఆయన తిప్పి పట్టుకొని, "గండికోటంటప్పా! పెన్నతో సహా! ఎవురు పాడతారు?" అని అరిచాడు. కొంచెంసేపు కోళ్ళు తప్ప ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు మామిడితోట పెద్దాయన చెయ్యెత్తాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. గెలిచేశాను! అమ్మకేసి గర్వంగా చూశాను. పెద్దాయన రింగు అందుకొని, అటూ ఇటూ తిప్పి, కళ్ళు మూసుకొని ప్రార్థన చేసి, "మళ్ళా దేవునికే" అని మేజా మీద పెట్టేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాల్సి వచ్చింది.

రెండోసారి రిటైరైన నర్సు పాడింది. ఊరంతా ఆమెను సూదుల పెద్దమ్మ అంటారు. ఈమెకు సూది విలువ తెలుసు, తప్పకుండా తీసుకుపోతుందనుకున్నాను. ఒళ్ళో పెట్టుకొని కుట్ల మీద వేలు కూడా రాసింది. ఆమె కూడా దేవునికే. మూడోసారి కొత్తగా పెళ్ళైన అబ్బాయి పాడి, "మా టీవీ పైన ఖాళీగా ఉండాది" అన్నాడు. ఆ అబ్బాయిని దీవించేద్దామన్నంత సంతోషం నాకు. ఇంతలో పెళ్ళాం చెవిలో ఏదో గొణిగింది. "దుమ్ము పడ్తాదంట మామా" అని అతను కూడా వెనక్కిచ్చేశాడు. మైకు మామ మాత్రం ఉబ్బిపోతున్నాడు. "ఈ పొద్దు కానుకలన్నిటిలో పెద్ద దీవెన ఇదేనప్పా! చూడండి ఎన్నిసార్లు వస్తాండాదో!" దేవునికి అందరూ ఇస్తున్నారు, నా గండికోట మాత్రం ఎవరికీ వద్దు.

నాలుగోసారి ఎవరూ చెయ్యెత్తలేదు. "ఒకటోసారి" అన్నాడు మైకు మామ. నేను తల వంచుకొని, నంద్యాలకు ఏ పెట్టె తీసుకుపోవాలా అని ఆలోచిస్తున్నాను. "రెండోసారి..."

"నేను పాడతాండా."

ఆడవాళ్ళ వైపు నుంచి. మా అమ్మ!

మగవాళ్ళ వైపు నుంచి నాయన లేచి నిలబడ్డాడు. "ఏయ్, నువ్వు పాడకూడదు గదా! బయటోళ్ళని చెప్పింది నువ్వే గదా!"

"నేను బయటిదాన్నే. నాది కడప."

"ఇన్నేండ్లు నాతో కాపురం చేసి బయటిదానివా?"

"కాపురానికి ఈ ఇంటిదాన్ని. పాటకు మాత్రం మా అన్న తరఫున వచ్చినా. గండికోట మా పక్కది. మా పక్కది మేం తీస్కపోతాం, నీకేం కష్టం?"

అయ్యగారితో సహా గుడంతా నవ్వింది. మూడోసారి కూడా అనేసి, మైకు మామ అలవాటు కొద్దీ రింగు ఆమె చేతికిచ్చి, వెంటనే తిరిగి తీసుకోవడానికి చెయ్యి చాపుకొని నిలబడ్డాడు. "మళ్ళా దేవునికేనా అక్కా?"

"లేదప్పా. దేవునికి దుడ్లు ఇచ్చినా గదా. ఇది నాకు."

ఇంటికి పోయేటప్పుడు అమ్మ ఆటోలో వెనక నా పక్కనే కూర్చుంది. రింగును కొంగుతో కప్పి ఒళ్ళో పెట్టుకుంది. నాకేసి చూడకుండానే, "అందరూ పట్టుకోని సూడ్డం, మళ్ళా పెట్టేయడం. నాకు చూస్తా కూచోబుద్ది కాలేదుమే" అంది. నాయన అద్దంలో మమ్మల్నిద్దరినీ చూసి, పోనీలే అన్నట్టు హారన్ కొట్టాడు. సోమవారం అమ్మ బస్సెక్కింది, నంద్యాలకు కాదు, కడపకు. షరతు షరతే కాబట్టి రింగును మామ ఇంట్లో తగిలించి, మేకు తనే కొట్టి వచ్చింది.

ఇప్పుడు కల్లూరులోనే ఒక గది తీసుకొని ఈ పనే చేస్తున్నాను. నా రింగులు నేనెప్పుడూ చూడని ఊళ్ళకు పార్సిల్లో పోతున్నాయి. మొన్న మామ ఇంటికి సున్నం వేస్తున్నారని నేనూ అమ్మా పోయాం. గోడ మీద సామానంతా దించుతుంటే ఆ గండికోట నా చేతికొచ్చింది. వెలుతురులోకి తెచ్చి చూశాను. దేవుడా! బండలు కావవి, రెండు బెల్లం దిమ్మెలు. ఆకాశం గుడ్డ ముడుచుకుపోయింది. అన్నిటికీ మించి, పెన్న కిందినుంచి కొండ మీదికి ఎక్కుతోంది. ఇన్నేళ్ళూ అదొక గొప్ప పని అని మనసులో పెట్టుకొని తిరిగినదాన్ని.

"అమ్మా, ఇది ఏం బాగలేదే?"

అమ్మ దుమ్ము దులుపుతూనే ఉంది. "బాగలేదు."

"ఆ పొద్దు తెలీలేదా నీకు?"

"ఎందుకు తెలీదు? ఆ పెన్న పక్కనే పుట్టినదాన్ని. నీళ్ళు ఎట్ల పారతాయో నాకు తెలీదా?"

"మరి ఎందుకు పాడినావే?"

చేతిలో గుడ్డ ఆపి, అదేం ప్రశ్న అన్నట్టు నా ముఖంలోకి చూసింది. "నువ్వు ఇంగోటి కుడతావని."

ఆ రోజు ఆటోలో అమ్మ పక్కన కూర్చున్న పిల్ల, తన గండికోట అంత బాగుండబట్టే అమ్మ మనసు కరిగిందనుకొని, కర్నూలంతటికీ తనే పెద్ద పనిమంతురాలినని ఛాతీ విరుచుకొని కూర్చుంది. పాపం, దానికి ఈ సంగతి అప్పుడే తెలియకపోవడమే మంచిదైంది.