ఇస్త్రీ చేసిన గొంతు

బ్లూస్ రాక్ ఆల్బమ్ చేయాలన్న ఆలోచన మా బ్యాండు నాయకుడికి గురుగ్రామ్‌లో ఆఫీసువాళ్లు పెట్టిన ఒక టీమ్ బిల్డింగ్ పార్టీలో పుట్టింది. అది పుట్టాల్సిన చోటు కాదని అప్పుడే గ్రహించాల్సింది. అతను వైజాగ్ మనిషి, గిటార్ వాయిస్తాడు, ఢిల్లీ ద్వారకలో మా సొసైటీలోనే ఉంటాడు. డ్రమ్స్ వాయించే హైదరాబాదీ ఒకాయన ఉన్నాడు. ఎవరేమన్నా "సరే సరే, కానియ్" అనడం ఆయన స్వభావం. పాడేవాణ్ణి నేను.

"బ్లూస్ అంటే పెయిన్ బ్రో," అనేవాడు నాయకుడు, కోల్డ్ కాఫీలో స్ట్రా తిప్పుతూ. ఆ పెయిన్‌కి కూడా ప్లాన్ ఉండేది. రెండు పాటలు ప్రేమ, రెండు బాధ, ఒకటి సమాజం. మొదటి బాధ ఎక్స్‌ప్రెస్‌వే మీద ట్రాఫిక్ గురించి. రెండో బాధ అప్రైజల్‌లో జరిగిన అన్యాయం గురించి. నిజంగానే చెబుతున్నాను. అతనికి ప్రమోషన్ వచ్చింది గానీ కోరుకున్న రేటింగ్ రాలేదట, దానికొక పాట. గిటార్ మోత మార్చడానికి కాలితో నొక్కే పెడల్స్ మాత్రం నేలంతా పరిచి ఉండేవి. వాటిలో సగం ఎందుకో అతనికే తెలియదు. ఏది నొక్కినా చేతికి వచ్చేవి ఎప్పుడూ ఆ పాత ముక్కలే.

సమాజం కింద వేసిన పాట నాది. అది సమాజం కాదు, నేను.

ఢిల్లీకి నేను సివిల్స్ కోసం వచ్చాను. ముఖర్జీ నగర్‌లో కిటికీ లేని గదిలో ఏళ్ల తరబడి చదివాను. ఆఖరి ప్రయత్నం కూడా పోయాక ఒక మధ్యాహ్నం సామాను సర్దుకుని మెట్లు దిగాను. దారిలోని గదుల్లో ఎవరి చదువు వాళ్లది. ఎవరో ఒకరు తలుపు తీసి "ఏం రా, పోతాండావా?" అంటారని ఒక్కో అంతస్తులో కాసేపు ఆగాను. ఎవరూ అనలేదు. ఇన్నేళ్లుగా ఈ సంగతి నా భార్యకు కూడా చెప్పలేదు. పాటలో పెట్టాను, మా కడప మాటల్లోనే. "మెట్లు దిగుతాంటే ఎవురూ పిలవల్యా" అనే చోట నా గొంతు ప్రతిసారీ కిందికి జారి కొద్దిగా చీలేది. కావాలని చేసింది కాదు. కానీ పాట ప్రాణం అక్కడే ఉందని నాకు తెలుసు. ఆల్బమ్ ఎలా తగలడినా పరవాలేదు, ఆ ఒక్క ముక్క మాత్రం అలాగే ఉండాలన్నదే నా కోరిక.

బాల్కనీలో ఆ పాట పాడుకుంటుంటే మా అమ్మాయి వచ్చి తలుపు దగ్గర నిలబడేది. ఏడో తరగతి చదువుతోంది. తెలుగు అర్థమవుతుంది, నోట మాత్రం హిందీయే వస్తుంది. ఆ చీలే ముక్క దగ్గర చేతిలో ఫోన్ పక్కన పెట్టేది. ఈ కాలంలో అంతకన్నా మెప్పు ఎవరికి దొరుకుతుంది!

జనక్‌పురిలో బేస్‌మెంట్ స్టూడియో ఒకటి మాట్లాడుకుని రికార్డు చేశాం. నేను ఒకే ఊపులో పాడేశాను. గొంతు దాని చోట అది జారింది. నాయకుడు గాజు అద్దం అవతలి నుంచి లేచి వచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. "గూస్‌బంప్స్ బ్రో," అన్నాడు. అతని కళ్లల్లో నిజంగానే నీళ్లున్నాయి. అక్కడితో ఆపి ఉంటే ఈ రోజుకీ అతన్ని గౌరవించేవాణ్ణి.

కానీ మా ఆఫీసు మనుషులకు ఒక జబ్బుంది. ఏ పనైనా పదిమందికి పంపి ఫీడ్‌బ్యాక్ తెప్పించుకుంటే తప్ప పూర్తయినట్టు తోచదు. కన్నీళ్లు పెట్టుకున్న పాటను కూడా మా నాయకుడు అలాగే పంపాడు. బావమరిదికి, మేనేజర్‌కి, యోగా క్లాసు మిత్రులకి. ఆదివారం పొద్దున్నే కాల్ పెట్టి, నా గొంతు తాలూకు గీతలు స్క్రీన్ మీద చూపించాడు.

"ఇక్కడ వాయిస్ క్రాక్ అవుతోందని చాలామంది ఫ్లాగ్ చేశారు బ్రో."

"అది క్రాక్ కాదబ్బా, పాటే అది. దాన్ని ముట్టుకోవద్దు."

"పర్సనల్‌గా నాకూ అదే నచ్చింది. కానీ ఫీడ్‌బ్యాక్ అడిగాక అడ్రస్ చెయ్యాలి కదా? అడిగి వదిలేస్తే వాళ్లేమనుకుంటారు?"

"సరే సరే, కానియ్," అన్నాడు డ్రమ్స్ ఆయన.

అడ్రస్ చేసేశారు. కంప్యూటర్లో నా గొంతును ఇస్త్రీ చేసి, ముడతలన్నీ పోగొట్టి, ప్రతి స్వరాన్నీ లెక్క ప్రకారం దాని స్థానంలో కూర్చోబెట్టారు. తన గిటార్‌లో తీగ సాగదీసిన చోట్లు కూడా సరిచేయించుకుని, ఎంత క్లీన్‌గా వచ్చిందో అని మురిసిపోయాడు మహానుభావుడు. బ్లూస్‌లో ఉండేదే ఆ సాగుడు, ఆ జారుడు. గుత్తివంకాయ కూరలో వంకాయలు ఏరేసి వడ్డించినట్టు చేశారు. నాకు ఒళ్లు మండిపోయి ఫోన్‌లోనే అరిచాను. "నెక్స్ట్ ఆల్బమ్ రఫ్‌గానే ఉంచుదాం బ్రో," అని ఓదార్చాడు. మా అమ్మాయి ఆ కొత్త పాట కొద్దిసేపు విని, మధ్యలోనే ఫోన్ చేతిలోకి తీసుకుంది.

ఆల్బమ్ బయటికొచ్చిన రోజు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో లింకు పెట్టాం. మొదటి పాటలో గొంతు మొదలయ్యే లోపలే చప్పట్ల బొమ్మలు వరసగా పడ్డాయి. "సూపర్", "ప్రౌడ్ ఆఫ్ యూ", "తెలుగు జాతికి గర్వకారణం". వాటి కిందే ఒకావిడ ద్వారకలో మంచి గోంగూర ఎక్కడ దొరుకుతుందని అడిగింది. దానికి మాత్రం జనం ఆలోచించి, వివరంగా జవాబులు రాశారు.

తర్వాత తెలుగు సంఘంవాళ్లు ఉగాది సభలో పాడమన్నారు. జనక్‌పురి హాల్లో మైకుల మనిషి మా సరంజామా చూడగానే చేతులెత్తేశాడు. "లైవ్ కా ఝంఝట్ ఛోడో భయ్యా, ట్రాక్ చలా దేతా హూఁ," అన్నాడు, లైవ్ గోల వద్దు, రికార్డే వేసేస్తానని. నాయకుడికి అదే కావాలి. "కరెక్ట్. రిస్క్ ఎందుకు బ్రో? నువ్వు పెదాలు కదుపు చాలు," అన్నాడు.

అలా ఆ స్టేజి మీద నా బాధకు నేనే పెదాలు కదిపాను. సిగ్గుతో చచ్చిపోయాను. పక్కన నాయకుడు కళ్లు మూసుకుని, ఏ వైరూ తగిలించని గిటార్ మీద తన్మయంగా వంగిపోయాడు. ముందు వరసలో వాళ్లు పులిహోర ప్లేట్లు అందుకుంటున్నారు. మెట్ల ముక్క రాగానే నేను నోరు మూసేశాను. బిగించి మూశాను. స్పీకర్లలోంచి నా గొంతు ఎక్కడా తొణక్కుండా సాగిపోయింది. హాల్లో ఒక్కరూ తల తిప్పలేదు. పాట అయిపోగానే చప్పట్లు కొట్టారు.

సంఘం అధ్యక్షుడు శాలువా కప్పుతూ నా చేయి గట్టిగా ఊపాడు. "అచ్చం రికార్డులో ఉన్నట్టే పాడారండీ! ఒక్కచోట కూడా గొంతు తడబడలేదు!"

నాతో సభకు వచ్చిన మా అమ్మాయి తిరిగి వెళ్లేటప్పుడు కారులో వెనక సీట్లో కూర్చుంది. శాలువా దాని పక్కనే పడేశాను.

"పాపా, ఆప్‌నే తో గాయా హీ నహీఁ," అంది. నువ్వసలు పాడనే లేదుగా అని.

"ఎక్కడ?" అన్నాను, ఏమీ తెలియనట్టు.

అది హిందీలో చెప్పబోయి ఆగింది. తర్వాత మెల్లగా పాడింది. "మెట్లు దిగుతాంటే ఎవురూ పిలవల్యా." మా కడప మాట, ఎక్కడా మార్చకుండా. చివర గొంతు కిందికి జారి, చీలాల్సిన చోట చీలింది.

నాకు దారి కనిపించక కారు పక్కకు ఆపాను. ఇది మాత్రం ఎవరి ఫీడ్‌బ్యాక్‌కూ పంపేది లేదు.