మౌలాలికి చూపిన రెండో కార్డు

నంద్యాల కొత్త జిల్లా అయిన మరుసటి ఏడాది, వేసవి సెలవులు ముగిసేలోపే నాకు ఆళ్లగడ్డ ఉన్నత పాఠశాల నుంచి నంద్యాలకు బదిలీ అయింది. కాగితాల మీద నా హోదా ఫిజికల్ డైరెక్టర్. పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రులకు మాత్రం ఎప్పటికీ డ్రిల్లు సారునే. ఫుట్‌బాల్ రెఫరీ పరీక్ష కూడా పాసైనవాణ్ని కాబట్టి సెలవు రోజుల్లో చుట్టుపక్కల పోటీలు నడిపించేవాణ్ని. ఆ వానాకాలం పట్టణాల మధ్య జరిగిన పోటీల్లో ఆళ్లగడ్డ, డోన్ జట్లు ఫైనల్‌కు వచ్చాయి. ఆ ఆటకు రెఫరీగా నా పేరు వేసి ఉత్తర్వు పంపారు.

ఉత్తర్వు అందిన రోజే నిర్వాహకుల దగ్గరికి పోయాను. రెఫరీకి ఏ జట్టుతోనైనా సంబంధం ఉంటే ముందే చెప్పాలన్నది పద్ధతి. ఆళ్లగడ్డ జట్టులో ఆడే మౌలాలి నా దగ్గర ఆట నేర్చుకున్నవాడని చెప్పాను. కార్యదర్శి నవ్వేశాడు.

“నీ చేత బెత్తం దెబ్బ తినని ఆటగాడు ఈ చుట్టుపక్కల యాడుండాడప్పా? పోయి విజిల్ ఊదుకోపో” అన్నాడు.

చెప్పాల్సింది చెప్పాను గదా అని నిశ్చింతగా ఇంటికొచ్చాను.

మౌలాలి తండ్రి ఆళ్లగడ్డ శిల్పశాలల్లో రాతిని రుద్ది నునుపు చేసే పనివాడు. మా బడి మైదానంలో గోల్ స్తంభాలు కూడా ఆ శిల్పశాలల నుంచి వచ్చినవే. విగ్రహానికి పనికిరావని పక్కన పడేసిన రెండు పొడవాటి రాళ్లను బండి మీద తెప్పించి పాతించాను. జట్టుకు పదకొండు మంది దొరకడమే గగనంగా ఉండేది. ఒకడికి జ్వరం, ఇంకొకడు పత్తి తీయడానికి పొలానికి పోయేవాడు. ఎవడు రాకపోతే వాడి చోట మౌలాలిని నిలబెట్టేవాణ్ని. డిఫెన్స్ అన్నా, ఫార్వర్డ్ అన్నా, గోల్‌లో నిలబడమన్నా వాడిది ఒకటే జవాబు. “యాడ ఆడమన్నా ఆడతా సార్.”

చదువయ్యాక ఆటనే బతుకుతెరువు చేసుకున్నాడు. అనంతపురంలో, బళ్లారిలో, తర్వాత బెంగళూరులో చిన్న క్లబ్బులు వాణ్ని జీతానికి పెట్టుకున్నాయి. పోయిన ప్రతిచోటా కథ ఒకటే. ఎవరికో కాలు బెణికితే ఆ స్థానంలో మౌలాలి దిగేవాడు, బెణికినవాడు కోలుకోగానే మౌలాలి మళ్లీ పక్కన బెంచీ మీద కూర్చునేవాడు. వాడు కూరలో ఉప్పు లాంటివాడు. లేకపోతే అందరూ కంచం ముందు కేకలేస్తారు, ఉంటే ఎవరూ పేరెత్తరు. అలా వాడికి ఇరవై నాలుగేళ్లు వచ్చేసరికి మళ్లీ ఆళ్లగడ్డకే చేరాడు. ఏ స్థానంలోనూ వాడికంటూ సొంత చోటు లేకుండా పోవడంలో నా చెయ్యి కూడా ఉందని నాకు తెలుసు.

ఆ ఫైనల్ చూడటానికి బెంగళూరు నుంచి ఒక పెద్ద క్లబ్బు పరిశీలకుడు వచ్చాడు. ఊరూరా తిరిగి ఆటగాళ్లను చూసి, తమ క్లబ్బుకు పనికొచ్చేవాణ్ని ఏరుకోవడం ఆయన ఉద్యోగం. ఉన్నది ఒక్క ఖాళీ, దానికి రెండేళ్ల ఒప్పందం. ఆయన పుస్తకంలో రెండు పేర్లే ఉన్నాయని అందరికీ తెలిసిపోయింది. ఒకటి మౌలాలిది, రెండోది డోన్ ఫార్వర్డ్‌ది. ఆటకు ముందు బూట్ల లేసులు బిగిస్తూ మౌలాలి తలెత్తకుండానే నాతో అన్నాడు.

“ఇది తప్పితే నాయనతో పాటు రాళ్లు రుద్దేదానికి పోవల్ల సార్.”

ఆటకు ముందు రెఫరీ ఆటగాళ్లతో ముచ్చట్లు పెట్టుకోకూడదు. తల ఊపి ముందుకు సాగిపోయాను.

ముందురోజు వాన పడింది. నల్లరేగడి బూట్లకు ముద్దలుగా అంటుకుని కాళ్లు లాగేస్తోంది. మౌలాలి కుడివైపు డిఫెన్స్‌లో ఆట మొదలుపెట్టాడు. అరగంటకు డోన్ ఫార్వర్డ్ తనను దాటి పోతుంటే మౌలాలి వెనక నుంచి కాలు అడ్డం పెట్టి పడేశాడు. పసుపు కార్డు చూపించాను. పసుపు కార్డంటే హెచ్చరిక. అదే ఆటలో రెండోది కూడా పడితే ఎర్ర కార్డు చూపించి బయటికి పంపాలి. వాడి బదులు ఇంకొకరు దిగడానికి లేదు, జట్టు పదిమందితోనే ఆడాలి. మౌలాలి తన చోటికి పోయాడు.

విరామం తర్వాత డోన్ ఒక గోల్ కొట్టింది. ఆళ్లగడ్డ వాళ్లు మౌలాలిని ముందు వరుసకు పంపారు. కాసేపటికే ఎడమ నుంచి వచ్చిన బంతిని తలతో లోపలికి కొట్టి లెక్క సమం చేశాడు. పరిశీలకుడు కుర్చీలోంచి లేచి పుస్తకంలో ఏదో రాసుకోవడం నా కళ్లారా చూశాను. నా లోపలి డ్రిల్లు సారు ఎగిరి గంతేశాడు. పైకి కనిపించే రెఫరీ మాత్రం గడియారం చూసుకుని చేత్తో మైదానం మధ్యకు చూపించాడు.

ఇంకా పది నిమిషాల ఆట మిగిలింది. అప్పటికే ఆళ్లగడ్డ మార్చుకోగలిగిన ఆటగాళ్లందర్నీ మార్చేసింది. డోన్ ఫార్వర్డ్ గట్టిగా కొట్టిన బంతిని ఆళ్లగడ్డ గోల్‌కీపర్ వేళ్లతో బయటికి నెట్టాడు. ఆ దెబ్బకు వాడి వేలు తిరిగిపోయిందని నాకు తర్వాత తెలిసింది. డోన్‌కు కార్నర్, అంటే మైదానం మూల నుంచి బంతి తన్నే అవకాశం, ఇచ్చాను. అంతలో డోన్ కోచ్ గీత దాటి లోపలికి వచ్చి, అవతలి వాళ్లు కావాలని జాగు చేస్తున్నారని అరవడం మొదలుపెట్టాడు. నాకసలే కోపం తొందర. మెడలో విజిల్ ఉంటే ఇంకా తొందర. అటు నడిచి, నాలుగు మాటలని, ఆయన్ను గీత బయటికి పంపాను. అంతసేపూ నా వీపు గోల్ వైపు ఉంది. తిరిగొచ్చి, గోల్ ముందు ఒకరినొకరు తోసుకుంటున్న వాళ్ల మీద కన్నేసి విజిల్ ఊదాను.

బంతి ఎత్తుగా లోపలికి వచ్చింది. గోల్‌కీపర్ ఆకుపచ్చ చొక్కా అందరికంటే పైకి ఎగిరి రెండు చేతులతో దాన్ని అందుకుంది. కాళ్లు నేల మీద ఆనాక ముఖం చూశాను. అది మౌలాలి. అసలు గోల్‌కీపర్ మౌలాలి చొక్కా తొడుక్కుని, కుడిచేతిని చంకలో దాచుకుని ఎడమ అంచున నిలబడి ఉన్నాడు.

గోల్‌కీపర్ ఇంకొక ఆటగాడితో చోటు మార్చుకోవచ్చు. అయితే ఆట ఆగి ఉన్నప్పుడు రెఫరీకి చెప్పి మార్చుకోవాలి. చెప్పకుండా మారితే నియమం స్పష్టంగా ఉంది. ఆట ఆపకూడదు, బంతి మళ్లీ ఆగినప్పుడు ఇద్దరికీ పసుపు కార్డు చూపించాలి. గోల్‌కీపర్‌కు అది మొదటిది. మౌలాలికి రెండోది.

బంతి ఆగలేదు. మౌలాలి దూరంగా తన్నాడు, డోన్ వాళ్లు మళ్లీ తెచ్చారు. నేలబారుగా వచ్చిన బంతిని వాడు పడుకుని ఆపాడు. మళ్లీ తెచ్చారు, పిడికిలితో పక్కకు కొట్టాడు. జనం లేచి నిలబడి వాడి పేరు పెట్టి అరుస్తున్నారు. వాడి కొంపకు నిప్పంటుకుందని వాళ్లకు తెలియదు, వాడికీ తెలియదు. గీత మీదున్న సహాయ రెఫరీకి తెలుసు, నన్నే చూస్తున్నాడు. బంతి బయటికి పోకుండా ఉంటే బాగుండునని కోరుకున్నాను. రెఫరీ కోరుకోవాల్సిన కోరిక కాదది. చివరికి ఎవరి తలకో తగిలి బంతి పక్క గీత దాటింది.

విజిల్ ఊది ముందు గోల్‌కీపర్‌ను పిలిచి పసుపు కార్డు చూపించాను. తర్వాత మౌలాలి దగ్గరికి నడిచాను.

“ఏంది సార్? వాని వేలు తిరిగిపోయింది. గోల్ ఖాళీగా ఇడిసిపెట్టల్లా?” అన్నాడు.

నాకు చెప్పి మార్చుకోవాలని అన్నాను. వాడు నా ముఖంలోకి చూసి, పక్కవాళ్లకు వినపడకుండా గొంతు తగ్గించాడు.

“మన గ్రౌండులో ఎప్పుడన్నా చెప్పినామా సార్? ఆట ఆపొద్దు, గబుక్కున మార్చుకోండని మీరే గదా నేర్పిచ్చింది.”

అక్షరాలా నిజం. ఆళ్లగడ్డలో సాధన చేసేటప్పుడు గోల్‌కీపర్ అలిసిపోతే చొక్కా, చేతి తొడుగులు ఇంకొకడికి విసిరి చోటు మారమనేవాణ్ని. ఎవరు ఎంత త్వరగా మారతారో గడియారం పెట్టి చూసి, అందరికంటే ముందుండే మౌలాలిని భుజం తట్టి మెచ్చుకునేవాణ్ని. నియమం తర్వాత చెప్పొచ్చులే అనుకున్నాను. ఆ ‘తర్వాత’ ఎప్పటికీ రాలేదు.

పసుపు కార్డు చూపించి, వెంటనే ఎర్ర కార్డు చూపించాను. మౌలాలి తొడుగులు విప్పి, దగ్గరున్న డిఫెండర్ చేతికి ఇవ్వబోయి ఆగాడు. నా వైపు తిరిగి, “ఈయొచ్చునా సార్?” అని అడిగాడు. ఈయొచ్చని తల ఊపాను. అప్పుడు ఇచ్చి బయటికి నడిచాడు.

ఆ డిఫెండర్‌కు గోల్‌లో నిలబడటం అలవాటు లేదు. ఆట ముగిసేలోపు డోన్ రెండో గోల్ కొట్టి గెలిచింది.

బహుమతుల టెంటు దగ్గర పరిశీలకుడు నన్ను పక్కకు పిలిచాడు. ఎక్కడ పెట్టినా ఆడేవాణ్ని తాము చాలా రోజులుగా వెతుకుతున్నామని, ఈ అబ్బాయి తనకు నచ్చాడని చెప్పాడు. తెలుసుకోవాల్సింది ఒక్కటే అన్నాడు. ఆ చివరి తప్పు తెలియక చేశాడా, తలబిరుసుతో చేశాడా? నేను నోరు తెరిచాను. కార్యదర్శి పక్కనే ఉన్నాడు, మిగతా రెఫరీలు టీ తాగుతూ వింటున్నారు. నియమాల పుస్తకం నోటికొచ్చని పేరున్నవాణ్ని. తప్పు నేర్పింది నేనేనని వాళ్లందరి ముందు చెప్పడానికి నోరు రాలేదు.

“జరిగింది రిపోర్టులో రాస్తాను సార్” అన్నాను.

ఆయన పుస్తకం మూసి వెళ్లిపోయాడు. రిపోర్టులో ‘అనుమతి లేకుండా గోల్‌కీపర్ స్థానం మార్పు’ అని ఒక వరుస రాశాను. మర్నాడు పొద్దున్నే పరిశీలకుడికి ఫోన్ చేసి అసలు సంగతి చెప్పాను. డోన్ ఫార్వర్డ్ పేరు రాత్రికే పంపేశానని, నిన్ననే చెప్పుంటే బాగుండేదని మర్యాదగా అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

నిరుడు నేను పదవీ విరమణ చేశాను. ఈమధ్య మౌలాలిని చూడటానికి ఆళ్లగడ్డకు దగ్గర్లోని దొర్నిపాడుకు పోయాను. మౌలాలి పగలు తండ్రితో పాటు రాతి పనికి పోతాడు, సాయంత్రం అక్కడి పిల్లలకు ఆట నేర్పుతాడు. నేను వెళ్లేసరికి పిల్లలు ఆడుతున్నారు. గోల్‌కీపర్ చెయ్యెత్తి, మౌలాలి సరే అన్నాకే తొడుగులు విప్పి ఇంకొకడికిచ్చాడు. అది వట్టి సాధనే. నాకక్కడ నిలబడటం కష్టమైంది. ఆ రోజు కార్డు గురించి మాట ఎత్తబోతే మౌలాలి అడ్డుపడ్డాడు.

“కార్డు మీ డ్యూటీ సార్. దానికి నాకేం బాధ లేదు” అన్నాడు. బంతిని కాలితో ఆపి, పిల్లల వైపు చూస్తూనే చెప్పాడు. “ఆ బెంగళూరు సారు మిమ్మల్ని అడిగినప్పుడు నేను టెంటు ఎనకాలే ఉంటి. బూట్లు ఇప్పుకుంటాంటి. అంతా ఇనపడె.”

టీ తాగి బస్సెక్కాను.

రెఫరీ రిపోర్టులో ఆటగాళ్ల తప్పులకు గడి ఉంటుంది. రెఫరీ తన తప్పు రాసుకోవడానికి గడి ఉండదు. గడి లేకపోయినా, ఆ రోజే, అందరి ముందే చెప్పాలని నా సర్వీసు చివర్లో నేర్చుకున్నాను.