తెల్లతల గద్ద గూటికి రెండు వందల మీటర్లు

ఆ పక్షి బాల్డ్ ఈగిల్ కాదు. ముప్పై ఏళ్లు దాటినా ఈ మాట రాసేటప్పుడు కలం గట్టిగానే నొక్కుతున్నాను. అది చేపల గద్ద. ఆ సంగతి నాకు మొదటి రోజే తెలుసు.

తొంభైల మొదట్లో ఒమాన్‌లో, దుక్మ్‌కు దక్షిణాన ఒక రోడ్డు సర్వే క్యాంపులో నేను సర్వేయర్ని. అప్పటికి అక్కడ రేవూ లేదు, రిఫైనరీ లేదు. చెక్క కేబిన్లు, జనరేటర్ మోత, ఒక పక్క సముద్రం, మరో పక్క రాళ్ల నేల. డిసెంబరు చివర్లో ఒక ఉదయం లెవెల్ యంత్రంలోంచి కొలకర్ర చదువుతుంటే, సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతి గుట్ట మీద పుల్లల కుప్ప కనబడింది. పుల్లలతో పాటు నాచు, తెగిన వల ముక్కలు, ఎవరిదో రబ్బరు చెప్పు. దాని మీద తెల్లతల పక్షి ఒకటి కూర్చుని ఉంది.

మా లెవెల్ పాతది. అందులో బొమ్మ తలకిందులుగా కనిపించేది. అలవాటైన సర్వేయరుకు అదేమీ అడ్డం కాదు. తల తెల్లన, కానీ కంటి మీదుగా మెడ దాకా ముదురు గోధుమ రంగు పట్టీ. పొట్ట కూడా తెల్లన. ఎగిరేటప్పుడు రెక్కలు మోచేతి దగ్గర వంచినట్టుంటాయి. చేపను అడ్డంగా కాదు, తల ముందుకు పెట్టి మోసుకొస్తుంది. బాల్డ్ ఈగిల్‌కు తలంతా తెలుపే, పట్టీ ఉండదు. ఒళ్లంతా ముదురు రంగు, ముక్కు పసుప్పచ్చగా లావుగా ఉంటుంది. పైగా అది ఉత్తర అమెరికా పక్షి. మస్కట్ రువీ బజారులో పాత పుస్తకాల కొట్లో కొన్న పక్షుల పుస్తకంతో పోల్చుకుని ఇదంతా ఆ సాయంత్రమే డైరీలో రాశాను.

ఎంత దగ్గరికి వెళితే లేస్తుందో కూడా కొలిచాను. నూట ఎనభై మీటర్ల దగ్గర ఆడపక్షి మెడ ఎత్తింది. నూట యాభై దగ్గర లేచిపోయింది. అందుకని రెండు వందల మీటర్ల దగ్గర సున్నం పూసిన రాళ్లు వరుసగా పెట్టాను. నేను గానీ, మా డ్రైవరు గానీ ఆ వరుస దాటలేదు. వరుస బయటున్న దిబ్బ ఎక్కి బైనాక్యులర్స్‌తో చూస్తే, పక్షి లేచి నిలబడినప్పుడు గుడ్లు కనిపించేవి. జనవరి రెండో వారానికి మూడు.

మా ప్రాజెక్టు ఇంజనీరు విజయవాడ మనిషి. ఒక శుక్రవారం మస్కట్ ఆఫీసు నుంచి వచ్చిన ఇద్దరు అతిథుల్ని వెంటబెట్టుకుని అక్కడికొచ్చి, బైనాక్యులర్స్ పెట్టుకుని కేకేశాడు.

"చూశారా ఆ తెల్లతల! బాల్డ్ ఈగిలండీ! డాలరు నోటు మీద ఉంటుందే, అదే! మన సైట్‌లో!"

నా పక్కన డ్రైవరు నిలబడి ఉన్నాడు. కడప సాయిబు, నాకంటే పదేళ్లు చిన్న. నా చెవిలో గొణిగాడు.

"బట్టతల యాడుందన్నా దానికి? సాబ్‌కుండాది గానీ."

నవ్వు ఆపుకున్నాను. అంతకు మించి ఏమీ చేయలేదు. అతిథుల ముందు పైవాడి మాట కాదనకూడదన్నది మా క్యాంపులో ఎవరూ నేర్పకుండానే వచ్చే చదువు. నా వీసా రెన్యువల్ కాగితం కూడా ఆయన బల్ల మీదే ఉంది.

"నువ్వేదో రోజూ డైరీ రాస్తావటగా? దీని గురించి ఏమన్నా రాశావా?" అని ఇంజనీరు నన్ను అడిగాడు.

ఆ మాటకు నేను పొంగిపోయాను. మూడు వారాల రాతను గడులు గీసి శుభ్రంగా పట్టికగా తిరగరాశాను. మగపక్షి చేప తెచ్చే వేళ, ఆడపక్షి లేచే వేళ, గుడ్లు పెట్టిన తేదీలు, దిబ్బ మీద నిలబడాల్సిన చోటు. పక్షి పేరు రాయాల్సిన గడి మాత్రం ఖాళీగా వదిలాను. ఆయన తన పెన్ను తీసి 'బాల్డ్ ఈగిల్' అని అందులో నింపుకున్నాడు. టైపు చేయించి నోటీసు బోర్డుకు కొట్టించాడు. చుట్టుపక్కల చమురు క్యాంపులకు కాపీలు వెళ్లాయి.

ఇక ప్రతి శుక్రవారం బండ్లే బండ్లు. సున్నం రాళ్లు టైర్ల కింద దొర్లిపోయాయి. గూటికి ముప్పై మీటర్లలో కుర్చీలు, టిఫిన్ డబ్బాలు, కెమెరాలు. ఆడపక్షి పైన ఈల వేస్తూ తిరిగేది, దిగేది కాదు. వాచీ చూశాను. గుడ్ల మీద తల్లి నీడ లేకుండా ఒకసారి యాభై నిమిషాలు, ఒకసారి గంటా పది. ఫిబ్రవరి ఎండే కదా అనుకోవచ్చు. పదకొండు గంటలకు దిబ్బ మీది రాతికి అరచేయి ఆనిస్తే నిలవలేదు.

"చెప్పన్నా ఆయనకు. ఊరికే గడియారం చూసుకుంటా నిలబడితే ఏమొస్తాది?" అన్నాడు డ్రైవరు.

"వచ్చే వారం చెప్తాలే."

"వచ్చే వారానికి గుడ్లుండాల గదా."

చివరికి వెళ్లి, "సార్, బండ్లు కాస్త దూరంగా ఆపిస్తే..." అన్నాను.

"ఏం పర్లేదయ్యా. అమెరికాలో జనం మధ్యే తిరుగుతాయవి. అలవాటే."

అప్పుడైనా పేరు చెప్పాల్సింది. తలూపి బయటికొచ్చాను.

గుడ్డు పెట్టిన ముప్పై ఎనిమిది రోజుల్లో పిల్లలు రావాలి. రాలేదు. నలభై ఐదు, యాభై. జనం మోజు తీరి రావడం తగ్గించారు, ఆడపక్షి మాత్రం కదల్లేదు. మగపక్షి చేపలు తెస్తూనే ఉంది. అరవై ఒకటో రోజున పక్షులు గూడు వదిలేశాయి. నేను మొదటిసారి దగ్గరికి వెళ్లాను. మూడు గుడ్లూ గూట్లోనే ఉన్నాయి. ఒకటి పగిలి కుళ్లు వాసన. ఇంకొకటి చేతిరుమాల్లో పెట్టుకుని నేరుగా ఆఫీసుకు వెళ్లి ఇంజనీరు బల్ల మీద పెట్టాను.

"ఇది చేపల గద్ద గుడ్డు సార్. ఇక్కడి పక్షే. మీ బాల్డ్ ఈగిల్ కాదు. మీ బండ్ల వల్ల ఎండకు ఉడికి చచ్చాయి."

ఆయన గుడ్డు వైపు, నా వైపు చూశాడు.

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"మొదటి రోజు నుంచి."

"మరి ఆ గడి ఖాళీగా ఎందుకు వదిలావు? నీ కాగితం నమ్మేగా అందర్నీ పిలిచింది!"

ఆయన మెడ పట్టుకోవాలన్నంత కోపంతో వెళ్లినవాణ్ణి. చేతిరుమాలు మడత పెట్టుకుంటూ నిలబడ్డాను. ఆయన గుడ్డును అటూ ఇటూ తిప్పి, "బాగుందిది, షోకేసులో పెడదాం" అన్నాడు. చేతిలోంచి లాక్కున్నాను.

ఆ శుక్రవారం ఎవరో పెద్దమనిషి భార్యాపిల్లలతో కారులో వచ్చాడు. చేతిలో నా పట్టిక. కిటికీలోంచి మర్యాదగా, "భాయ్, ఈగిల్ కిధర్ హై?" అని హిందీలో అడిగాడు. కారుకు అడ్డంగా నిలబడి తెలుగులోనే అరిచాను. ఆయనకు ఒక్క ముక్క అర్థమై ఉండదు. అద్దం పైకెత్తుకుని బండి వెనక్కి తిప్పాడు. అరవాల్సింది ఆయన మీద కాదని తెలుసు. కారు రోడ్డెక్కేదాకా అరుస్తూనే ఉన్నాను.