మొహమాటం నేర్చిన కుక్కపిల్ల

చక్రాల కుర్చీలో ఉండేవాళ్ళకు సాయం చేసే కుక్కలను తయారుచేసేవాళ్ళు, అసలు శిక్షణకు ముందు కుక్కపిల్లలను ఇళ్ళలో పెంచమని ఇస్తారు. భీమవరంలో మా ఇంటికి అలా ఒక లాబ్రడార్ పిల్ల వచ్చింది. జీతం లేని పని, తలనొప్పి మాత్రం దండిగా ఉంటుంది. నేనే కోరి తెచ్చుకున్నాను కాబట్టి ఎవరినీ తిట్టే వీలు కూడా లేదు.

అప్పగించేటప్పుడు ట్రైనర్ ఒక్క విషయం గట్టిగా చెప్పారు. "తాడు పట్టుకున్నవాళ్ళు 'తీసుకో' అంటేనే వాడు తినాలండి. ఇంకెవరు పెట్టినా ముట్టకూడదు. కుర్చీలో ఉన్న మనిషిని ఒక్క బజ్జీ కోసం రోడ్డు మీదికి లాక్కుపోతే ఏంటి పరిస్థితి?" వీడి కోసం ఒక కాలేజీ అమ్మాయి ఎదురుచూస్తోందట. పెన్ను కిందపడినా ఎవరో ఒకరు వచ్చేదాకా ఆగాల్సిందేనట. చివర్లో వాళ్ళు పెట్టే పరీక్షలో వీడు తప్పితే ఆ అమ్మాయి ఇంకో కుక్కపిల్ల పెరిగేదాకా ఆగాలి.

ఆవిడ చెప్పింది న్యాయమే, కానీ ఆవిడది మా ఊరు కాదు. మా దగ్గర వడ్డనకు ఒక పద్ధతుంది. చుట్టం వద్దనాలి, మనం బతిమాలాలి. మళ్ళీ వద్దంటూ చెయ్యి అడ్డం పెట్టాలి, ఒట్టు పెట్టి ఆ చెయ్యి తప్పించి వడ్డించెయ్యాలి. మా అత్తగారు ఈ విద్యలో ఆరితేరిన మనిషి. కుక్కపిల్లను మాత్రం వదిలేస్తారని నేనెందుకు అనుకున్నానో నాకే తెలియదు.

ఒకరోజు రొయ్యల పళ్ళెంతో దొరికిపోయారు.

"అత్తయ్యగారూ, వాడికి పెట్టకూడదండి."

"నేనెక్కడ పెట్టానమ్మాయ్? వద్దన్నాడు. ఒక్క ముక్క తినమన్నాను, అంతే."

"వద్దన్నాడా?"

"చూడు మరి."

పళ్ళెం చూపిస్తే వాడు నిజంగానే మొహం తిప్పుకున్నాడు. నా పాఠం వంటబట్టిందని పొంగిపోయాను. "మొహమాటపడకు నాయనా" అన్నారావిడ. వాడు గోడకేసి చూశాడు. "నా మీద ఒట్టు" అన్నారో లేదో, పళ్ళెం నాకేశాడు. వాడు నేర్చుకున్నది నిగ్రహం కాదు, మా ఇంటి మర్యాద.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు నుంచి ఆ పళ్ళెం నేనే పట్టుకున్నాను. బతిమాలేదాన్ని, ఒట్లు పెట్టేదాన్ని, వాడు లొంగి మూతి చాచగానే పళ్ళెం లాగేసేదాన్ని. మా వంశంలో తినేవాళ్ళ ముందునుంచి పళ్ళెం లాగినవాళ్ళు లేరని అత్తగారు గదిలోకి వెళ్ళి తలుపేసుకునేవారు. వాడు నావైపు చూసే చూపు చూడలేక నేనూ సరిగా తినేదాన్ని కాదు.

పరీక్ష రోజు ట్రైనర్ తాడు నా చేతికిచ్చి, వాడి ముందు కోడి ముక్క పెట్టారు. వాడు మొహం తిప్పుకున్నాడు. "బాగుందండి, అయిపోయింది" అని ఆవిడ లేవబోతుంటే, గుమ్మంలోంచి మా అత్తగారు అందుకున్నారు.

"అదేంటమ్మా, ఒక్కసారేనా అడిగేది?"

ట్రైనర్ నవ్వి ముక్కను దగ్గరికి జరిపారు. అలవాటు కొద్దీ అత్తగారే, "మొహమాటపడకు నాయనా, నా మీద ఒట్టు" అనేశారు. వాడు ముక్కను చూశాడు, ఆవిడను చూశాడు, చివరికి నన్ను చూసి కూర్చుండిపోయాడు. సంతోషం పట్టలేక వాణ్ణి వాటేసుకున్నాను.

తీసుకెళ్ళే రోజు వ్యాన్ వచ్చి ఆగింది. ఉప్పూ కారం లేకుండా రొయ్యలు ఉడకబెట్టింది ఈసారి నేను. తాడు అప్పటికే ట్రైనర్ చేతిలో ఉంది. "తీసుకో" అన్నాను. వాడు ఆవిడ మొహం చూశాడు. ఇన్నాళ్ళూ లాక్కున్న పళ్ళేలన్నీ గుర్తొచ్చి నాకు ఏడుపొచ్చింది. "ఒక్కటి తినరా" అన్నాను. తోక ఊపాడు కానీ మూతి కదపలేదు. "నా మీద ఒట్టురా."

అత్తగారు వచ్చి నా చేతిలోంచి పళ్ళెం తీసుకున్నారు.

"వదిలెయ్ అమ్మాయ్. వాడు మొహమాటపడట్లేదు."