నిచ్చెన బండి కాళ్లు చాపే జాగా

ఎప్పుడూ రాని బండి కోసం దారి ఖాళీగా ఉంచడం ముందుచూపా, మొండితనమా? తొమ్మిదేళ్లుగా ఈ ప్రశ్న నాతోనే ఉంది. దాన్ని నాకు అంటించిన మనిషి పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, పేపరు చదువుతూ కుర్చీలోనే కన్నుమూశారు. మా నాచారం వీధిలో అందరికీ ఆయన ఫైర్ మామ. అగ్నిమాపక శాఖలో నిచ్చెన బండి నడిపి రిటైరయ్యారు. మా ఎదురిల్లే.

మేం గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నప్పుడు గృహప్రవేశానికి పిలిచాం. ఆయన గోడల రంగు చూడలేదు, వంటగట్టు చూడలేదు. గేటు దగ్గర నిలబడి కరెంటు తీగల కోసం పైకి చూశారు, డ్రైనేజీ మూతల కోసం కిందికి చూశారు. పెళ్లికి వెళ్లినా దవాఖానాకు వెళ్లినా అంతే. "ఈయనతోని యాడికి పోయినా నేను ముంగటికి సూస్త, ఈయన మొగులుకు సూస్తడు," అనేది అత్త. ఆయన భార్యను నేనలాగే పిలుస్తాను.

నేను ఉప్పల్‌లో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి మామ నన్ను తోటి ఉద్యోగిలా చూశారు. ఒక ఆదివారం ముగ్గు పిండి డబ్బా తెచ్చి వీధి మధ్యలో పొడుగాటి పెట్టె గీశారు. దాని రెండు పక్కల నుంచి నాలుగు కాళ్లు బయటికి లాగారు. అవి ఇటు మా గోడకూ అటు వాళ్ల గోడకూ జానెడు దూరంలో ఆగాయి.

"ఏంది మామా, చుక్కలు పెట్టుడు మర్సినవా?" అంది పాలకు వెళ్తున్న పక్కింటామె.

"ఇది నిచ్చెన బండి ముగ్గు. తొక్కకు," అన్నారాయన నవ్వకుండా.

ఆ ముగ్గు మీద నిలబడే నాకు మూడు నిచ్చెనల తేడా చెప్పారు. నీళ్ల బండి నెత్తిన పెట్టుకొచ్చేది చేతి నిచ్చెన. ఏ సందులోకైనా భుజాన మోసుకుపోవచ్చు, కానీ మహా అయితే మూడో అంతస్తు వరకే. రెండోది బండి వీపు మీదే బిగించి ఉంటుంది. చుట్టూ తిరుగుతుంది, ఒకదాంట్లోంచి ఒకటి సాగుతూ చకచకా పైకి లేస్తుంది. మనుషులు ఒకరి వెనక ఒకరు దిగుతూనే ఉండొచ్చు. కాకపోతే అది చాపిన చెయ్యిలా తిన్నగానే పోతుంది. మూడోదానికి మోచెయ్యి ఉంటుంది. పిట్టగోడ దాటి అవతలికి వంగుతుంది. చివర తొట్టి ఉంటుంది కాబట్టి నడవలేని వాళ్లను అందులో దించొచ్చు, మంట మీదికి పై నుంచి నీళ్లు కొట్టొచ్చు. అయితే తొట్టిలో పట్టేది కొద్దిమందే. దించి, మళ్లీ పైకి పోవాలి.

"దేని పని దానిదే బిడ్డా. గని ఆ పెద్దయి రెండూ, బండి ఒరగకుంట ఈ ఇనుప కాళ్లు పక్కలకు సాపంది లేవయి. బండి ఎంత ఎడల్పున్నదని అందరు సూస్తరు. కాళ్లు సాపితే ఎంతుంటదో సూడాలె."

బరువు ఒక పక్కకు ఒరిగితే ఏమవుతుందో ఏళ్ల తరబడి బోర్డు మీద గీసిన దాన్ని. నేల మీద చూడటం అదే మొదలు.

ఆ రోజుల్లోనే కాలనీ సంఘం వీధి మొదట్లో కమాను కట్టాలనుకుంది. అధ్యక్షులు రిటైరైన ఇంజినీరు. వాళ్ల నాన్నగారి పేరు మీద ఆయనే కట్టిస్తానన్నారు. స్తంభాలు రెండూ రోడ్డులోకి వస్తాయి. అంత పొడుగు బండి మెయిన్ రోడ్డు మీంచి లోపలికి మలుపు తిరగదని మామ అడ్డం పడ్డారు. కార్యదర్శిని నేను.

"మన ఇళ్లన్నీ మూడంతస్తులే కదండీ. చేతి నిచ్చెన చాలు. ఆ ఏనుగు ఇక్కడికెందుకొస్తుంది?" అన్నారు అధ్యక్షులు.

"ఇయ్యాల మూడే సారూ. రేపు ఐదేస్తరు."

"వేసినప్పుడు చూద్దాం లెండి."

"అంటుకున్నంక కూలగొడ్తరా కమాను?"

ఓట్లు సమానంగా వచ్చాయి. మిగిలింది నాది. వారం గడువడిగాను. నిజానికి నాకు అధ్యక్షుల మాటే సబబుగా తోచింది.

ఆ వారంలో ఒక సాయంత్రం మామ మా వరండాలో కూర్చుని, ఎన్నడూ చెప్పని సంగతి చెప్పారు. "ఒకపారి సందు మొదట్లనే బండి ఆపిన. రెండు దిక్కుల అరుగులు ముంగటికి కట్టుకున్నరు. పైన మనుషులు కనబడుతున్నరు. నిచ్చెన ఉన్నది, నేనున్న. కాళ్లు సాప జాగ లేదు. లివర్ల మీద చేతులు పెట్టుకొని కూసున్న." చేతి నిచ్చెనలతోనే అందరినీ దించారట, పై అంతస్తులో ఒకామెను తప్ప. "నీ ఓటు కోసం చెప్తలేను," అని లేచి వెళ్లిపోయారు.

నేను కమాను వద్దన్నాను. అధ్యక్షులు రెండేళ్లు నాతో మాట్లాడలేదు.

తర్వాత మా వీధిలో నిజంగానే మంటలు లేచాయి. మూడో అంతస్తు వంటగదిలో. ఒక పెద్దావిడా మనవరాలూ బాల్కనీలో చిక్కుకున్నారు. నీళ్ల బండి వచ్చింది, చేతి నిచ్చెన వేశారు, ఇద్దరినీ దించేశారు. ఆ రోజే అధ్యక్షులు మళ్లీ నోరు విప్పారు. "చూశారా మేడమ్, నేనేం చెప్పాను?"

తల దించుకుని మామ దగ్గరికి వెళ్లాను. ఆయన ఫైర్ వాళ్లకు చాయ్ పోస్తూ ఎంతో హుషారుగా ఉన్నారు.

"మంచిగైంది బిడ్డా. సిన్న నిచ్చెనతోని పనైపోతే పెద్ద బండి ఎవలకు గావాలె?"

"మరి మనం ఓడిపోయినట్టేగా మామా?"

"ఓడుడేంది? పత్తాలాటనా ఇది?"

ఆయన చెప్పినట్టే మా వీధిలో ఐదంతస్తులు లేచాయి. నిచ్చెన బండి మాత్రం ఇంతవరకూ ఒక్కసారీ రాలేదు. ఆయన పొద్దున్నే మలుపు దగ్గర నిలబడి, అక్కడ కారు పెట్టిన వాళ్ల తలుపు తట్టడం చివరి వారం దాకా మానలేదు.

ఇప్పుడు తెలంగాణ వచ్చింది, మా సంఘానికీ కొత్త కమిటీ వచ్చింది. అది మళ్లీ కమాను మాటెత్తింది. ఈసారి దానికి మామ పేరే పెడతారట, ఆయన గుర్తుగా. రంగుల్లో బొమ్మ గీయించి తెచ్చి అత్త చేతిలో పెట్టారు. మీకు తెలుసు కదా అత్తా, ఆయన ఒప్పుకునేవారు కాదు అన్నాను.

"ఎర్కే బిడ్డా," అంది. "గని ముప్పై ఏండ్లు మందిని దించిండు. యాడ ఆయన పేరు రాసిన్రు?"

ఆదివారం మీటింగులో నేను మళ్లీ వద్దనే అంటాను. అది తేల్చుకున్నాను. అత్త ఆ బొమ్మ మడత పడకుండా రెండు పాత పేపర్ల మధ్య పెట్టి, పరుపు కింద దాచుకుంది. రాత్రి పూట తీసి, ఆయన పేరున్న చోట వేలితో తడుముతోందని ఆమె కోడలు చెప్పింది. ఆ కాగితం మీది పేరు ఆమెకు దక్కకుండా చేయడం న్యాయమో కాదో, నాకింకా తెలియడం లేదు.